గుడికీ ఒత్తుకూ చోటు విడవండి: అక్షరాల అమరికపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఫ్లెక్సీలు, శుభలేఖలు, బడి పత్రికలు, ఫోన్లో పంపే కార్డులు అన్నీ ఉన్నాయి. అన్నిటికీ వర్తించే మాట ఒకటుంది. సాఫ్ట్‌వేర్లలో ముందుగానే అమర్చి ఉండే కొలతలు ఇంగ్లిష్ అక్షరాన్ని చూసి వేసినవి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఆ రెండింటికీ చోటు విడిచాకే మిగతా అలంకారాల సంగతి.

ప్రశ్న: మా బడి వార్షికోత్సవానికి 8 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తుతో ఫ్లెక్సీ వేయించాం. కార్యక్రమాలు, అతిథుల పేర్లు, ఫొటోలు అన్నీ పెట్టాం. దగ్గర నిలబడితే బాగానే కనిపిస్తోంది. రోడ్డు మీద వెళ్లేవాళ్లు మాత్రం ఏముందో తెలియడం లేదంటున్నారు. లోపం ఎక్కడ?
— ప్రధానోపాధ్యాయుడు, తణుకు

జవాబు: ముందు రోడ్డుకూ ఫ్లెక్సీకీ మధ్య దూరం కొలవండి. సులువుగా చదవాలంటే ప్రతి 10 అడుగుల దూరానికి అక్షరం 1 అంగుళం ఎత్తు ఉండాలని బోర్డులు రాసేవాళ్లు లెక్క వేస్తారు. రోడ్డు 40 అడుగుల దూరంలో ఉంటే అక్షరం 4 అంగుళాలు ఉండాలి. ఈ 4 అంగుళాలు గుడి, ఒత్తు లేని ‘న’ లాంటి అక్షరానివి. అలాంటి అక్షరాలతో రాసిన వరుసకు గుళ్లు, ఒత్తులు, వరుసల మధ్య ఖాళీ కలిపితే సుమారు 8 నుంచి 9 అంగుళాలు పడుతుంది.

ఇప్పుడు మీ ఫ్లెక్సీ ఎత్తు చూడండి. 48 అంగుళాలు. కర్ర ఫ్రేముకు మడత పెట్టడానికి, తాళ్ల రంధ్రాలకు పైనా కిందా మూడేసి అంగుళాలు పోతే మిగిలేది 42. శీర్షికను 4 అంగుళాలకు రెట్టింపు, అంటే 8 అంగుళాల అక్షరాలతో పెడితే ఆ ఒక్క వరుసకే 17 అంగుళాలు కావాలి. మిగిలిన 25 అంగుళాల్లో 4 అంగుళాల అక్షరాలతో రెండు వరుసలు, ఇరికిస్తే మూడో వరుస. ఆ ఫ్లెక్సీలో పట్టేది అంతే. ఏం జరుగుతోంది, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడూ అందులో వస్తాయి. కార్యక్రమాల పట్టికను గేటు దగ్గర మనిషి కంటి ఎత్తులో వేరే చిన్న బోర్డు మీద పెట్టండి. అక్కడ ఆగి చదివేవాళ్లకు ఒక అంగుళం అక్షరం ధారాళంగా చాలు.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు సుమారు 36 అడుగులు దాటుతుంది. నడిపే మనిషి రోడ్డు మీది నుంచి చూపు తిప్పి చదివేది రెండు మూడు సెకన్లే. ఏడెనిమిది మాటలకు మించి ఎక్కవు. అతిథుల పేర్లు గౌరవం కోసం తప్పనిసరి అనుకుంటే ఒక పక్క నిలువు పట్టీలో ఒకే సైజులో పెట్టండి. ఒక్కో పేరుకు ఒక్కో రంగు, ఒక్కో సైజు ఇస్తే అన్నీ అరుస్తాయి, ఏదీ వినపడదు.

రంగుల సంగతి. రెండు రంగుల వెలుగులో ఉన్న తేడాను ఒక అంకెతో చెబుతారు. ఒకే రంగైతే 1, తెలుపు మీద నలుపైతే 21. వెబ్ పేజీలకు అంతర్జాతీయంగా పాటించే ప్రమాణంలో మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలి. తెర మీద కనిపించే స్వచ్ఛమైన రంగులతో లెక్కిస్తే పసుపు మీద నలుపు 19కి పైన, ముదురు నీలం మీద తెలుపు 16, పసుపు మీద ఎరుపు 3.7, నీలం మీద ఎరుపు 2 దాటి కొంచెం, పసుపు మీద తెలుపు 1కి కాస్త పైన. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే పసుపు మీద ఎరుపు పెద్ద శీర్షికకు మాత్రమే సరిపోతుంది, చిన్న అక్షరాలకు పనికిరాదు. నీలం మీద ఎరుపు దేనికీ వద్దు. ఆ రెండు రంగులూ కలిసినచోట అంచు అదురుతున్నట్టు కనిపించి కళ్లు లాగుతాయి.

ఇంకొక లోపం దాదాపు ప్రతి ఫ్లెక్సీలోనూ ఉంటుంది. అక్షరం చుట్టూ తెల్ల గీత, దాని చుట్టూ నల్ల గీత, ఆపైన నీడ. సాఫ్ట్‌వేర్లో గీత ‘బయటికి’ అని ఎంచుకున్నా అది అక్షరం పొట్టలోని ఖాళీలోకి కూడా పెరుగుతుంది. ‘రథం’ అని పెద్దగా రాసి గీత మందం పెంచుకుంటూ వెళ్లి చూడండి. ముందు థ పొట్టలోని చుక్క గోడకు అంటుకుంటుంది, తర్వాత మాయమవుతుంది. చదివేవాళ్లకు అది ‘రధం’. ద, ధలకూ డ, ఢలకూ తేడా చూపేది కింద ఉండే చిన్న గీతే. అదీ అలాగే పూడుకుపోతుంది. గీత పెట్టి తీరాలంటే అక్షరపు గీత మందంలో నాలుగో వంతు మించనివ్వకండి. రంగుల తేడా సరిగ్గా ఉంటే అసలు ఆ గీత అవసరమే పడదు.

రిజల్యూషన్ గురించి బెంగ వద్దు. దూరం నుంచి చూసేదానికి అసలు సైజులో అంగుళానికి 72 పిక్సెళ్లు చాలు. మీ ఫ్లెక్సీకి అది 6912 × 3456 పిక్సెళ్లు. ఫొటోలు మాత్రం వాట్సాప్‌లో మామూలుగా వచ్చినవి కాకుండా, డాక్యుమెంట్‌గా పంపించుకున్నవి వాడండి.

ప్రశ్న: మా అమ్మాయి శుభలేఖ మెరూన్ అట్ట మీద గోల్డ్ ఫాయిల్‌తో వేయించాలనుకుంటున్నాం. ప్రెస్ వాళ్లు చూపించిన నమూనా అందంగానే ఉంది కానీ పెద్దవాళ్లు చదవలేకపోతున్నారు. ముహూర్తం విషయంలో కూడా ఇద్దరు ముగ్గురు తికమకపడ్డారు.
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: రెండు వేర్వేరు సమస్యలు ఇవి. మొదటిది ఫాయిల్‌ది. ఫాయిల్‌ను వేడితో అట్టకు అద్దుతారు. గీత అర పాయింటు (పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు) కన్నా సన్నగా ఉంటే రేకు సరిగా అంటక తెగుతుంది. అక్షరం లోపలి ఖాళీ మరీ ఇరుకైతే రేకు దాన్ని కప్పేస్తుంది. నాజూకు గీతలున్న ఫాంటుకు మొదటి కష్టం, బాగా లావు ఫాంటుకు రెండోది. అందుకే గీత అంతా సమానమైన మందంతో, అక్షరాలు కాస్త ఎడంగా ఉండే ఫాంటు ఎంచుకోండి. పైగా ఫాయిల్ అద్దంలా మెరుస్తుంది. ట్యూబ్‌లైటు కింద ఒక కోణంలో బంగారంలా ఉన్నది మరో కోణంలో నల్లగా కనిపిస్తుంది. దేవుడి బొమ్మ, వధూవరుల పేర్లు, అంచు ఫాయిల్‌లో ఉండనివ్వండి. ముహూర్తం, వేదిక, ఆహ్వానించేవారి వివరాలను లోపలి లేత రంగు కాగితం మీద ముదురు సిరాతో, 13 పాయింట్లకు తగ్గకుండా వేయించండి.

రెండోది అమరిక. శుభలేఖలో ఉండే సమాచారం అయిదు గుంపులు. పైన ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’, తర్వాత ఆహ్వానించేవారు, వధూవరులు, ముహూర్తం, వేదిక. ఒకే గుంపులోని వరుసలు దగ్గరగా, గుంపుకూ గుంపుకూ మధ్య దానికి రెండు మూడు రెట్ల దూరం ఉండాలి. లోపలి వరుసల మధ్య 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే గుంపుల మధ్య 8 పెట్టండి. నమూనాల్లో ఎక్కువగా జరిగేది ఏమిటంటే, అన్ని వరుసలూ సమాన దూరంలో ఉంటాయి, గుంపులను విడదీయడానికి మధ్యలో లతలు, గీతలు, చుక్కలు వస్తాయి. ఖాళీ సరిగ్గా విడిస్తే ఆ లతలన్నీ తీసేయవచ్చు. తీసేసిన చోటుతో అక్షరం ఒక పాయింటు పెంచుకోవచ్చు.

మధ్యకు సర్దిన వరుసలు శుభలేఖకు నప్పుతాయి. అయితే వరుసను అర్థం చూసి విరవాలి, వెడల్పు చూసి కాదు. ‘చి.ల.సౌ.’ ఒక వరుసలో, పేరు కింది వరుసలో పడకూడదు. ‘గారి’ ఒంటరిగా కిందికి జారకూడదు. ఇంటిపేరు, పేరు విడిపోకూడదు. ‘జ్యేష్ఠ పుత్రిక’ మొత్తం ఒకే వరుసలో ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఇవి పట్టించుకోదు, ప్రతి వరుస చివరా మీరే చూసి విరవండి.

ముహూర్తం దగ్గర తికమక ఎందుకంటే, పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా అదే వారం, క్యాలెండర్ లెక్కలో అర్ధరాత్రి దాటగానే తేదీ మారిపోతుంది. ‘గురువారం రాత్రి 2.36’ అని మాత్రమే రాస్తే బంధువుల్లో సగంమంది ముందు రాత్రే వచ్చేస్తారు. ‘12వ తేదీ గురువారం రాత్రి 2.36 గంటలకు, తెల్లవారితే 13 శుక్రవారం’ అని మొత్తం ఒకే గుంపుగా, పక్కపక్కనే, ఒకే సైజులో వేయండి. ‘తెల్లవారితే’ అన్న భాగాన్ని చిన్న అక్షరాల్లో కిందికి నెట్టకండి. దారి తప్పించేది అదే. విందు సమయం వేరే వరుసలో, వేదికకు దగ్గరగా ఉండాలి.

ఈ మధ్య చాలామంది దారి చూపే క్యూఆర్ కోడ్ పెడుతున్నారు. దాన్ని ఫాయిల్‌లో వేస్తే ఫోన్లు చదవలేకపోవచ్చు. తెలుపు మీద నలుపులో, కనీసం 2 సెంటీమీటర్ల చదరంగా, చుట్టూ అందులోని చిన్న గళ్లు నాలుగు పట్టేంత ఖాళీతో వేయించి, అచ్చుకు ముందు రెండు మూడు రకాల ఫోన్లతో స్కాన్ చేసి చూడండి.

ప్రశ్న: ఫోటోషాప్‌లో తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోతున్నాయి. ‘స్త్రీ’ కాస్తా ‘స్‌త్‌రీ’ అవుతోంది. అను ఫాంట్లలో టైప్ చేసి ఇచ్చిన పాత మ్యాటర్ పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి.
— డీటీపీ ఆపరేటర్, కర్నూలు

జవాబు: ఒత్తు విడిపోవడం ఫాంటు తప్పు కాదు. యూనికోడ్ అనే అంతర్జాతీయ అక్షర పద్ధతిలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని విడివిడిగా నిల్వ ఉన్నవాటిని కలిపి ‘స్త్రీ’గా చూపించే పని సాఫ్ట్‌వేర్‌ది. ఫోటోషాప్ కొన్ని వెర్షన్లలో ఆ పని చేసే భాగం ఆగి ఉంటుంది. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో టైప్‌కు వెళ్లి ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ ఎంచుకోండి. ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవండి. అంతకుముందు చేసిన టెక్స్ట్ లేయర్లు వాటంతట అవి బాగుపడవు. వాటిని ఎంచుకుని పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘వరల్డ్ రెడీ’ అన్నది పెట్టాలి. ఇన్‌డిజైన్‌లో కూడా పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోనే ‘వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఉంటుంది. కొత్త వెర్షన్లలో చాలావరకు ఇది ముందే అమరి ఉంటుంది.

సరిచేశాక ఈ మాటలు టైప్ చేసి చూడండి: స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్ఞానం, సంస్కృతి, వైశిష్ట్యం. ఆరూ సరిగ్గా వస్తే మిగతా మ్యాటర్‌కు ధైర్యంగా వెళ్లవచ్చు.

అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు ముక్కలను ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన చోట్లలో దాచారు. ఆ ఫాంటు తీసేస్తే కింద ఉన్న అసలు గుర్తులు బయటపడతాయి. మీకు కనిపించే పిచ్చి గుర్తులు అవే. ఫాంటు మార్చితే కుదరదు, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక మూడుచోట్ల ఎక్కువగా తప్పులుంటాయి: ర ఒత్తు, రెండేసి ఒత్తులున్న అక్షరాలు, కోట్ గుర్తులు. వాటిని వెతికి వెతికి దిద్దండి. ప్రెస్‌కు పంపేటప్పుడు ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇవ్వండి, లేదా అక్షరాలను ఔట్‌లైన్లుగా మార్చి ఇవ్వండి. దిద్దగలిగే అసలు ఫైల్‌ను మాత్రం విడిగా దాచుకోండి, ఔట్‌లైన్ అయిన అక్షరంలో ఒక్క దీర్ఘం కూడా దిద్దలేరు.

ప్రశ్న: కళాశాల వార్షిక పత్రిక ఏ4 సైజులో, రెండు కాలాలుగా (కాలమ్‌లుగా) చేస్తున్నాం. పేజీ చూడగానే నల్లగా, ఇరుగ్గా ఉంటోంది. కొన్ని వరుసల్లో మాటల మధ్య పెద్ద పెద్ద సందులు వస్తున్నాయి.
— తెలుగు అధ్యాపకురాలు, హనుమకొండ

జవాబు: పేజీ నల్లబడటానికి మొదటి కారణం వరుసల మధ్య దూరం. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చేది అక్షరం సైజులో 120 శాతం. 12 పాయింట్లకు 14.4 పాయింట్లు. ఇంగ్లిష్‌కు అది సరిపోతుంది. తెలుగులో పై వరుసలో ‘రాష్ట్రం’, దాని కిందే ‘శ్రీ’ పడ్డాయనుకోండి. ట ఒత్తు, ర ఒత్తు కిందికి దిగుతాయి, ‘శ్రీ’ గుడి దీర్ఘం పైకి లేస్తుంది, రెండూ ఢీకొంటాయి. 12 పాయింట్లకు 18 పెట్టండి. ఫాంటును బట్టి 17 కూడా చాలవచ్చు. ఒకే 12 పాయింట్లలో ఒక ఫాంటు పెద్దగా, ఇంకొకటి చిన్నగా ఉంటుంది కాబట్టి అంకె నమ్మకుండా ఒక పేజీ అచ్చు తీసి చూడాలి. పేజీలు పెరుగుతాయని భయపడి ఈ దూరం తగ్గిస్తారు. దానికన్నా ఒక వ్యాసం తగ్గించడం మేలు. చదవలేని 60 పేజీల కంటే చదివే 52 పేజీలు విద్యార్థులకు పనికొస్తాయి.

సందులకు కారణం వరుసను రెండు అంచులకూ లాగి సర్దడం. ఏ4 వెడల్పు 210 మిల్లీమీటర్లు. లోపలి అంచు 20, బయటి అంచు 18, కాలాల మధ్య 8 పోతే ఒక్కో కాలం 82. ఆ వెడల్పులో తెలుగు మాటలు నాలుగైదుకు మించవు. ‘మాట్లాడుకుంటున్నప్పటికీ’ లాంటి మాట ఒక్కటే వరుసలో మూడో వంతు పైగా తింటుంది. అది పట్టక కిందికి దిగితే మిగిలిన మూడు మాటలనూ లాగి అంచుకు చేరుస్తుంది సాఫ్ట్‌వేర్. కొన్ని వరుసల్లో వరసగా ఇలా జరిగితే పేజీలో తెల్లటి చారలు పారతాయి. ఎడమ అంచుకు సర్ది, కుడి అంచును హెచ్చుతగ్గులుగా వదిలేయండి. మొదట్లో అలవాటు లేక వింతగా ఉంటుంది, చదవడానికి హాయిగా ఉంటుంది. రెండు అంచులూ సమంగా ఉండాల్సిందే అంటే ఒకే కాలంగా చేసి, అంచులు పెంచి, వరుసకు ఏడు నుంచి పది మాటలు వచ్చేలా చూసుకోండి.

ఉపశీర్షికకు పైన 18 పాయింట్ల ఖాళీ, కింద 6 పాయింట్లు. అది ఏ పేరాకు చెందుతుందో దానికి దగ్గరగా ఉండాలి. పైనా కిందా సమానంగా ఉంటే గాలిలో వేలాడుతుంది. పేరా మొదట్లో కాస్త లోపలికి జరపడమో, పేరాల మధ్య ఖాళీ ఇవ్వడమో ఏదో ఒకటే చేయండి.

ప్రశ్న: ఒక పోస్టర్‌లో ఎన్ని ఫాంట్లు వాడవచ్చు? ముఖ్యమైన మాటను వాలు అక్షరాల్లో పెట్టవచ్చా?
— డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: రెండు చాలు. శీర్షికకు రామభద్ర లాంటి లావుదొకటి, మ్యాటర్‌కు మండలి, నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు లాంటి సాదా అయినదొకటి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాలు అక్షరాలు వద్దు. తెలుగు అచ్చులో ఆ సంప్రదాయం లేదు, చాలా ఫాంట్లలో అసలు గీయలేదు కూడా. సాఫ్ట్‌వేర్ బలవంతంగా వంచినప్పుడు ఒత్తు ఒకపక్కకు, గుడి ఇంకోపక్కకు జరిగినట్టుంటుంది. మనకు ఇంగ్లిష్‌లోలా పెద్దబడి చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) అక్షరాల తేడా కూడా లేదు కాబట్టి ఒక మాటను ఎత్తి చూపడానికి మిగిలేవి మందం, సైజు, రంగు. వీటిలో ఒక్కటి మారిస్తే చాలు. అంకెలు, ఇంగ్లిష్ మాటలు పక్కనున్న తెలుగు కంటే పెద్దగానో చిన్నగానో కనిపిస్తే, వాటి సైజును మాత్రమే 5 నుంచి 15 శాతం సర్దండి.

ప్రశ్న: ఆరోగ్య సూచనలను కార్డులుగా చేసి వాట్సాప్‌లో పంపుతుంటాను. ఫొటో మీద అక్షరాలు సరిగా కనిపించడం లేదు.
— ఆశా కార్యకర్త, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: కార్డును 1080 × 1350 పిక్సెళ్లలో చేయండి. ఫోన్లో అది సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పులో కనిపిస్తుంది, అంటే 15, 16 పిక్సెళ్లు కలిస్తే ఒక మిల్లీమీటరు. గుడి, ఒత్తు కలపకుండా అక్షరం ఎత్తు 2 మిల్లీమీటర్లు ఉండాలంటే 32 పిక్సెళ్లు కావాలి. అంతకన్నా తగ్గించకండి. ఒక కార్డులో ఒక్కటే సూచన. ఓఆర్ఎస్ కలిపే పద్ధతి, ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి అన్నవి రెండు కార్డులు.

ఫొటోలో ఆకాశం దగ్గర వెలుగు, చెట్టు దగ్గర చీకటి ఉంటాయి. తెల్ల అక్షరం చెట్టు మీద కనిపించి ఆకాశంలో కరిగిపోతుంది. ఫొటోను పై సగానికి పరిమితం చేసి, కింద సగం ఒకే రంగు పెట్టి దాని మీద రాయడం అన్నిటికన్నా మంచి దారి. ఫొటో మీదే రాయాలంటే అక్షరాల వెనక నల్లని పొర 50 నుంచి 60 శాతం మందంతో వేయండి. ‘చేయాలి’కి ఆకుపచ్చ, ‘చేయకూడదు’కు ఎరుపు అని రంగుతో మాత్రమే తేడా చూపకండి. ఎరుపు, ఆకుపచ్చ విడిగా గుర్తుపట్టలేని చూపు కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. టిక్కు, ఇంటూ గుర్తులు కూడా పెట్టండి.

ప్రశ్న: కరపత్రం తెర మీద మెరిసిపోతూ ఉంది, అచ్చులో రంగు మసకబారింది. అంచున ఉన్న ఫోన్ నంబరులో చివరి అంకె తెగిపోయింది.
— కోచింగ్ సెంటర్ నిర్వాహకుడు, గుంటూరు

జవాబు: తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, అచ్చు నాలుగు సిరాలతో చూపిస్తుంది. చిలకపచ్చ, నియాన్ గులాబీ, మెరిసే నీలం సిరాలకు అందవు. ఫైల్‌ను మొదటి నుంచే సీఎంవైకేలో (ఆ నాలుగు సిరాల పద్ధతిలో) చేస్తే వచ్చే రంగు ముందే తెలుస్తుంది. నల్ల మ్యాటర్‌ను నలుపు సిరా 100 శాతంతో మాత్రమే వేయండి. నాలుగు సిరాలూ కలిపిన నలుపు అచ్చులో వెంట్రుకవాసి జరిగినా తలకట్టు అంచున ఎరుపో నీలమో తొంగిచూస్తుంది.

ఏ5 కరపత్రం 148 × 210 మిల్లీమీటర్లు. నేపథ్యం రంగును నాలుగు వైపులా మూడేసి మిల్లీమీటర్లు బయటికి పెంచి 154 × 216గా ఇవ్వాలి. కట్టర్ అటూ ఇటూ జరిగినా తెల్ల అంచు రాకుండా ఉండేందుకు అది. అక్షరాలు, నంబర్లు కోత గీతకు 5 మిల్లీమీటర్లు లోపలే ఉండాలి. ప్రెస్‌కు ఇచ్చేముందు మామూలు ప్రింటర్ మీద 100 శాతం సైజులో ఒక కాపీ తీసి, మ్యాటర్ రాసిన మనిషితో కాక మరొకరితో చదివించండి. ఫోన్ నంబరును కాగితం చూసి డయల్ చేయించండి.